మిణుగురులు: వేడిలేని వెలుగు

పంచతంత్రంలో ఒక చిన్న కథ ఉన్నది. చలికాలపు రాత్రి ఒక కోతుల గుంపు వణుకుతూ, మినుకుమినుకుమంటున్న మిణుగురు పురుగును చూసి నిప్పురవ్వ అనుకున్నది. దానిమీద ఎండుటాకులూ పుల్లలూ పేర్చి, చుట్టూ కూర్చుని, చలి కాచుకోవాలని నోటితో ఊదసాగినది. అది నిప్పు కాదని చెట్టుమీది పక్షి ఒకటి పదే పదే చెప్పి, చివరకు ఆ కోతుల కోపానికి బలి అయినది. కొన్ని పాఠాలలో మిణుగురుకు బదులు గురివింద గింజలు ఉంటవి. మూర్ఖులకు హితవు చెప్పరాదన్నది కథకుడు ఉద్దేశించిన నీతి. సైన్సు చదివేవారికి మాత్రం కోతులమీద కొంత గౌరవం కలుగుతుంది. అవి చేసినది అక్షరాలా ఒక ప్రయోగమే. దాని ఫలితం కూడా సరియైనదే: వెలుగు ఉన్నది, వేడి లేదు. ఈ ఫలితానికి కారణం తెలుసుకొనడానికి మనుషులకు చాలా శతాబ్దాలు పట్టింది.

మన భాషలో “మిణుగురు” అంటే నిప్పురవ్వ అనే అర్థం కూడా ఉన్నది. కోతులకు కలిగిన భ్రమ మాటలోనే ఇమిడి ఉన్నదన్నమాట. సంస్కృతంలో దీనిని ఖద్యోతం, అనగా ఆకాశంలో వెలిగేది, అన్నారు. పల్లెల్లో మరొక నమ్మకం ఉన్నది: గిజిగాడు మిణుగురులను తెచ్చి, బంకమట్టితో గూటిగోడకు అతికించి, రాత్రివేళ దీపంగా వాడుకుంటుందని. గిజిగాడు గూటిలోపల మట్టి మెత్తడం నిజమే. దీపం సంగతికి మాత్రం ఆధారం లేదు. అయినా ఈ నమ్మకంలో ఒక పొరపాటు దాగి ఉన్నది. అది మనందరికీ సహజమైన పొరపాటు కనుక ఇక్కడే చెప్పుకోవడం మంచిది. వెలుగు అనగానే అది దారి చూపేందుకు ఉన్నదని మనం అనుకుంటాము. మిణుగురు దీపం దారి చూసుకొనడానికి కాదు, మరొకరికి కనబడడానికి. అది లాంతరు కాదు, ఒక మాట. ఈ తేడాను గుర్తుంచుకుంటే తరువాత చెప్పబోయే విషయాలన్నీ సులభంగా అర్థమవుతవి.

ముందుగా ఈ ప్రాణి ఏమిటో చూద్దాము. ఇంగ్లీషువారు దీనికి పెట్టిన రెండు పేర్లలో ఒకదాని ప్రకారం ఇది ఈగ, రెండవదాని ప్రకారం ఇది పురుగు. నిజానికిది రెండూ కాదు. పెంకు పురుగుల తరగతికి చెందిన కీటకం. పేడపురుగులకూ, ధాన్యానికి పట్టే ముక్కుపురుగులకూ ఇది దూరపు బంధువు. పట్టుకొని చూస్తే తెలుస్తుంది: ముందరి రెక్కల జత ఎగరడానికి గాక, వెనుకటి పలుచని రెక్కలను కప్పే మూతలుగా ఉంటుంది. తల పైకి కనబడదు, వీపుమీది డాలువంటి పలక కింద దాగి ఉంటుంది. శాస్త్రజ్ఞులు ఈ కుటుంబాన్ని లాంపిరిడే అంటారు. ఇందులో ఇప్పటికి 2000కు పైగా జాతులను గుర్తించారు. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాలలోనూ ఇవి ఉన్నవి. మన పొలం గట్ల మీద తొలకరి తరువాత కనబడే లూసియోలా వర్గపు మిణుగురులను వెల్లకిలా తిప్పి చూడండి. పొట్ట చివర పాలవలె తెల్లగా ఉన్న భాగమే దీపం. అది రెండు ఖండితాలలో ఉంటే మగది, ఒక ఖండితంలోనే ఉంటే ఆడది.

కొన్ని జాతులలో ఆడదానికి రెక్కలుండవు. ఐరోపాలోని గడ్డిమైదానాలలో ఉండే లాంపిరిస్ నాక్టిలూకా అనే మిణుగురు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. దాని కథ కొంచెం వివరంగా చెప్పుకోదగినది. గుడ్డు నుంచి వెలువడిన డింభకం ఇంచుమించు రెండేళ్ళు నేలమీదనే గడుపుతుంది. దాని ఆహారం నత్తలు. తనకంటె ఎంతో పెద్దదైన నత్తను ఇది లొంగదీసే పద్ధతిని ఫ్రాన్సు దేశపు కీటక పరిశోధకుడు ఝాన్ హెన్రీ ఫాబ్ర్ (1823–1915) ఓపికగా గమనించి రాశాడు. కొక్కేలవంటి సన్నని కోరలతో అది నత్త మెత్తని అంచును నాలుగైదుసార్లు తాకుతుంది. చూసేవారికి అది ముద్దాడినట్లే ఉంటుంది. అంతటితో నత్త స్పృహ కోల్పోతుంది. ఫాబ్ర్ అటువంటి నత్తను తీసుకొని సూదితో పొడిచినా కదలలేదు. విడిగా ఉంచితే రెండు మూడు రోజులకు తేరుకున్నది. డింభకం నత్త మాంసాన్ని నమలదు. తన జీర్ణరసాలతో దానిని పులుసు చేసి తాగుతుంది.

రెండేళ్ళ విందు తరువాత వచ్చే ప్రౌఢదశలో ఈ కీటకం దాదాపు ఏమీ తినదు. మగదానికి రెక్కలు, తలనిండా పెద్ద కళ్ళు ఏర్పడతవి. ఆడది మాత్రం డింభకంలాగానే రెక్కలు లేకుండా, బరువైన పొట్టతో ఉండిపోతుంది. చీకటి పడిన తరువాత అది ఒక గడ్డిపరక ఎక్కి, పొట్ట చివరను పైకి తిప్పి, ఆకుపచ్చని దీపాన్ని వెలిగించి ఎదురుచూస్తుంది. ఆ రాత్రి మగది రాకపోతే దీపం ఆర్పి, దిగివచ్చి, మరునాడు మళ్ళీ ఎక్కుతుంది. మగది వచ్చిన తరువాత దీపం ఆరిపోతుంది. ఆడది గుడ్లు పెట్టి చనిపోతుంది. తినడం మానుకున్న ప్రాణికి రాత్రులు లెక్కపెట్టినన్నే ఉంటవి. చిన్నప్పుడు దాచుకున్న బలం అయిపోయేలోగా ఎవరికైనా కనబడాలి. దాని బ్రతుకంతా ఆ చిన్న దీపాన్ని ఒక మగపురుగు కళ్ళు చూడడంమీదనే ఆధారపడి ఉన్నది.

ఇక వెలుగు సంగతి. 1668లో రాబర్ట్ బాయిల్ ఒక ప్రయోగాన్ని ప్రకటించాడు. అడవులలో కుళ్ళిన కొయ్య ఒక్కొక్కప్పుడు చీకటిలో వెలుగుతుంది. (అది కొయ్యమీది శిలీంధ్రాల వెలుగని నేడు మనకు తెలుసు.) బాయిల్ అటువంటి ముక్కను గాజుపాత్రలో ఉంచి, తన గాలిపంపుతో గాలిని తోడివేశాడు. వెలుగు ఆరిపోయినది. గాలిని లోపలికి వదలగానే మళ్ళీ వచ్చినది. ఆమ్లజనిని, అనగా ఆక్సిజన్‌ను, గుర్తించడానికి ఇంకా నూరేళ్ళు పట్టనున్న కాలంలో, జీవుల వెలుగుకు గాలి కావాలని ఆ విధంగా రుజువైనది.

తరువాతి పెద్ద అడుగు 1885లో పడింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రాఫేల్ దుబ్వా అమెరికా ఉష్ణమండలంలో దొరికే పైరోఫోరస్ అనే వెలిగే పెంకు పురుగును తీసుకున్నాడు. దాని దీపాన్ని నలిపి చల్లని నీటిలో కలిపితే ఆ ద్రవం కొంతసేపు వెలిగి, క్రమంగా ఆరిపోయినది. మరొక దీపాన్ని వేడి నీటిలో వేయగా వెంటనే ఆరిపోయినది. ఇప్పుడు రెండూ వెలుగులేని ద్రవాలే. వేడిదానిని చల్లార్చి, రెండింటినీ కలిపాడు. వెలుగు తిరిగి వచ్చినది! తరగతిలో చెప్పడానికి ఇంతకంటె చక్కని ప్రయోగం అరుదు. ఇందులో దుబ్వా తీసిన తర్కం ఇది. వెలుగుకు రెండు పదార్థాలు కావాలి. ఒకటి వేడికి చెడనిది, కాని వెలిగేటప్పుడు ఖర్చయిపోయేది. రెండవది ఖర్చు కానిది, కాని వేడికి చెడిపోయేది. చన్నీటి పాత్రలో మొదటిది అయిపోయినది, రెండవది మిగిలినది. వేన్నీటి పాత్రలో రెండవది చెడినది, మొదటిది మిగిలినది. 1887లో ఒక సముద్రపు ఆల్చిప్పపై ఇదే ప్రయోగం చేసి, మొదటిదానికి లూసిఫెరిన్ అనీ, రెండవదానికి లూసిఫెరేజ్ అనీ అతడు పేర్లు పెట్టాడు. వెలుగును మోసేది అనే అర్థంగల లాటిన్ మాట నుంచి వచ్చినవి ఈ పేర్లు. లూసిఫెరేజ్ ఒక ఎంజైము, అనగా తాను మారకుండా రసాయన చర్యను నడిపించే ప్రొటీను.

కథ ఇక్కడ ముగిసినట్లే కనబడినది. కాని 1947లో అమెరికాలో బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం మెక్‌ఎల్రాయ్ మూడవ పాత్రధారిని బయటపెట్టాడు. ఆయనకు మిణుగురులు వేల సంఖ్యలో కావలసివచ్చినవి. ఊళ్ళోని పిల్లలకు నూరు పురుగులకు 25 సెంట్లు ఇస్తానని చాటాడు. పిల్లలు వేసవి సాయంత్రాలన్నీ అదే పనిలో గడిపారు. ఆరిపోయిన చన్నీటి ద్రవంలో ఏ.టి.పి. అనే పదార్థాన్ని కలపగానే అది మళ్ళీ వెలిగినది. ఏ.టి.పి., పూర్తిపేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, ప్రతి జీవకణంలోనూ శక్తికి చెల్లుబడి నాణెం వంటిది. మన కండరం ముడుచుకొనడానికీ, గుండె కొట్టుకొనడానికీ ఖర్చయ్యేది అదే. మిణుగురుల చన్నీటి ద్రవం ఆరిపోయినది ముఖ్యంగా ఏ.టి.పి. అయిపోయినందువల్లనే, వేన్నీటి ద్రవం దానిని తెచ్చిపెట్టడం వల్ల కూడా వెలుగు తిరిగివచ్చేదని తేలినది. దుబ్వా తర్కం తప్పు కాదు. కాని అతని వేన్నీటి పాత్రలో అతడు అనుకున్నదానికంటె ఎక్కువ సరుకే ఉన్నది.

ఇప్పటికి తెలిసిన క్రమం ఈ విధంగా ఉన్నది. మెగ్నీషియం సమక్షంలో లూసిఫెరేజ్ ఎంజైము లూసిఫెరిన్‌ను ఏ.టి.పి.తో జతపరుస్తుంది. ఆ జంటను ఆమ్లజని అందుకుంటుంది. క్షణకాలం ఉండే ఒక అస్థిర పదార్థం ఏర్పడి, బొగ్గుపులుసు వాయువును విడిచి విరిగిపోతుంది. మిగిలిన ఆక్సీలూసిఫెరిన్ అణువు అధికశక్తితో, నిలకడ లేని స్థితిలో పుడుతుంది. అది మామూలు స్థితికి జారేటప్పుడు ఆ అదనపు శక్తి ఒక్క కాంతికణంగా బయటికి వస్తుంది. మన దీపాలలో ఏదో ఒక వస్తువు కాలి లేక కాగి, ఆ వేడికి వెలుగుతుంది. ఇక్కడ వేడి అనే మెట్టే లేదు. రసాయన శక్తి నేరుగా వెలుగుగా మారుతుంది. అందుకే ఆ వెలుగులో పరారుణ కిరణాలూ, అతినీలలోహిత కిరణాలూ ఉండవు. అంతా కంటికి కనబడే పసుపుపచ్చని కాంతే. 1890లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు శామ్యూల్ లాంగ్లీ, తన సహచరుడు వెరీతో కలిసి, పైరోఫోరస్ వెలుగును కొలిచి దీనిని అన్నిటికంటె చౌకయిన వెలుగు అన్నాడు. తీగ కాగి వెలిగే పాత కరెంటు బల్బులో ఖర్చయిన శక్తిలో నూటికి పది పాళ్ళు కూడా వెలుగుగా మారదు.

ఉపాధ్యాయులకు ఇక్కడొక మనవి. మిణుగురులో శక్తి అంతా నూటికి నూరు పాళ్ళూ, లేదా 98 పాళ్ళూ వెలుగుగా మారుతుందని చాలా పుస్తకాలలో ఉంటుంది. వెలుగులో వేడి కిరణాలు లేవన్న మాటకూ, ప్రతి అణువూ వెలుగుతుందన్న మాటకూ తేడా ఉన్నది. నూరు లూసిఫెరిన్ అణువులు ఖర్చయితే ఎన్ని కాంతికణాలు వస్తవి అన్నది అసలు ప్రశ్న. 1960లో కొలిచినప్పుడు 88 అని తేలినది. 2008లో జపాను శాస్త్రజ్ఞులు మరింత కచ్చితమైన పరికరాలతో కొలవగా 41 మాత్రమే వచ్చినది. రసాయన చర్యతో పుట్టే వెలుగులలో అదికూడా చాలా పెద్ద అంకెయే. కాని 98 అని పాఠం చెప్పడం మానుకోవలసి ఉన్నది.

వెలగడం ఒక ఎత్తు, మెరవడం మరొక ఎత్తు. నిలకడగా వెలిగే ఐరోపా ఆడపురుగును విడిచిపెడితే, మనం చూసే మిణుగురులు వెలుగును ఆర్పుతూ వెలిగిస్తూ ఉంటవి. రసాయన చర్యను సెకనులో పదోవంతులో మొదలుపెట్టి ఆపడం ఎట్లా? దీపంలోని ప్రతి కణానికీ సన్నని వాయునాళాలు గాలిని తెస్తవి. దీపం వెనుక యూరిక్ లవణాల తెల్లని పొర ఒకటి అద్దంవలె వెలుగును బయటికి మళ్ళిస్తుంది. విచిత్రమేమంటే మెదడునుంచి వచ్చే నాడులు వెలిగే కణాలను తాకవు. వాయునాళాల చివర ఉన్న కణాల దగ్గరే ఆగిపోతవి. మీట అక్కడ, దీపం ఇక్కడ! నాడి ఆజ్ఞ రాగానే ఆ కణాల్లో నైట్రిక్ ఆక్సైడ్ వాయువు పుట్టి, పక్క కణాల మామూలు శ్వాసక్రియను క్షణంసేపు ఆపుతుందనీ, అప్పుడు మిగిలిన ఆమ్లజని లోపలి లూసిఫెరిన్‌ను చేరుతుందనీ 2001లో ఒక పరిశోధక బృందం ప్రతిపాదించినది. అంటే ఆ పురుగు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి మెరుస్తున్నదన్నమాట.

ఈ మెరుపులే మాటలు. అమెరికాలోని ఫొటైనస్ పైరాలిస్ అనే మిణుగురు భాషను బాగా చదవగలిగారు. సాయంత్రం మగది నేలకు దగ్గరగా ఎగురుతూ, కిందికి వాలి పైకి లేస్తూ, కొక్కెం ఆకారంలో ఒక మెరుపు గీస్తుంది. ఇంచుమించు ఆరు సెకన్లకొకసారి ఇట్లా చేస్తుంది. గడ్డిలోని ఆడది దానిని చూసి, సరిగా రెండు సెకన్లు ఆగి, ఒక మెరుపుతో జవాబిస్తుంది. ఆ రెండు సెకన్లే వారి గుర్తు. ఒక సెకనుకో నాలుగు సెకన్లకో జవాబు వస్తే మగది పట్టించుకోదు. చీకటిలో చిన్న టార్చిని రెండు సెకన్ల వ్యవధితో వెలిగించి మగపురుగును చేతిమీదికి రప్పించుకోవచ్చును. జాతిని బట్టి ఈ వ్యవధి మారుతుంది. ఒకే జాతిలో యాస భేదాలు కూడా ఉన్నవి! జపాను ఏళ్ళ ఒడ్డున ఉండే గెంజి మిణుగురు మగవి తూర్పు ప్రాంతంలో నాలుగు సెకన్లకొకసారి, పడమటి ప్రాంతంలో రెండు సెకన్లకొకసారి మెరుస్తవి.

భాష ఉన్నచోట మోసం కూడా ఉంటుంది. ఫొటూరిస్ అనే మరొక అమెరికన్ మిణుగురు ఆడది, ఫొటైనస్ మగవాని మెరుపును చూసి, అచ్చంగా ఫొటైనస్ ఆడదానివలెనే జవాబిస్తుంది. ఆశతో దిగిన మగదానిని పట్టి తినివేస్తుంది. 1965లో జేమ్స్ లాయిడ్ దీనిని ప్రకటించినప్పుడు అందరికీ ఆశ్చర్యం కలిగినది. ఆకలి కోసమే అయితే వేరే పురుగులు లేవా? ఇందుకు 1997లో థామస్ ఐస్నర్ బృందం సమాధానం చెప్పినది. ఫొటైనస్ శరీరంలో లూసిబుఫాజిన్ అనే చేదు విషం ఉన్నది. అది గోదురుకప్ప చర్మంలోని విషానికి దగ్గరి బంధువు. సాలీళ్ళూ పక్షులూ దానిని రుచి చూస్తే వదిలిపెడతవి. ఫొటూరిస్ ఆ విషాన్ని తనంతట చాలినంత తయారు చేసుకోలేదు. ఫొటైనస్‌ను తిని సంపాదించుకుంటుంది. తిన్నది భోజనమే కాదు, కవచం కూడా.

ఈ విషం మరొక చిక్కును విడదీస్తుంది. ప్రేమ సందేశాలతో పని లేని డింభకాలు ఎందుకు వెలుగుతవి? ఈ కుటుంబంలో తెలిసినంతలో అన్ని జాతుల డింభకాలూ వెలుగుతవి, ప్రౌఢదశలో వెలగని జాతులవి కూడా. నన్ను తింటే చేదు అని అవి చెబుతున్నవి. గోదురుకప్పలపై జరిపిన పరీక్షలలో, ఒకసారి చేదు అనుభవం అయిన కప్పలు ఆ తరువాత వెలిగే ఎరను ముట్టడానికి వెనుదీసినవి. ముందు పుట్టినది ఈ హెచ్చరిక అనీ, దానినే తరువాత కొన్ని జాతులు ప్రేమ సందేశంగా మలచుకున్నవనీ నేటి శాస్త్రజ్ఞులు అంటారు.

ఒక్కొక్క మిణుగురు సంగతి ఇట్లా ఉండగా, ఆగ్నేయ ఆసియాలో వేలాది మగపురుగులు ఒక చెట్టుమీద చేరి ఒకేసారి మెరిసి ఒకేసారి ఆరిపోతవి. సయాంలో మీనామ్ నది ఒడ్డున ఈ దృశ్యాన్ని 1690లో జర్మన్ వైద్యుడు కెంఫర్ చూసి రాశాడు. రెండువందల ఏళ్ళు దాటినా చాలామంది నమ్మలేదు. 1917లో ఫిలిప్ లారెంట్ అనే ఆయన, ఇది పురుగుల మహిమ కాదు, చూసేవాడి కనురెప్పలు ఆడడమే అని పత్రికకు రాశాడు! 1960ల దశకంలో జాన్ బక్, ఎలిజబెత్ బక్ దంపతులు థాయ్‌లాండ్ వెళ్ళి, సంచులనిండా మిణుగురులను బాంకాక్‌లోని హోటలు గదికి తెచ్చి, దీపాలార్పి వదిలిపెట్టారు. పురుగులు గోడలమీద చెదిరిపోయి మొదట ఎవరి తాళం వారివిగా మెరిసినవి. కొంతసేపటికి పక్కపక్కనున్న రెండేసి, మూడేసి ఒకే తాళంలోకి వచ్చినవి. నాయకుడు లేడు. ప్రతి పురుగూ పొరుగుదాని మెరుపును చూసి తన లయను కొంచెం సర్దుకుంటుంది, అంతే. మలేసియాలో సెలంగోర్ నది ఒడ్డున కంపుంగ్ క్వాంటన్ గ్రామం దగ్గర ఈ దృశ్యం ప్రసిద్ధం. మన దేశంలో తమిళనాడులోని ఆనమలై పులుల అభయారణ్యంలో 2022లో ఇటువంటి సామూహిక మెరుపులు నమోదైనవి.

మిణుగురు కుటుంబానికి చెందని వెలుగు పురుగులను గురించి కొంచెం. దుబ్వా వాడిన పైరోఫోరస్ వెల్లకిలా పడితే టిక్కుమని ఎగిరి లేచే పెంకు పురుగుల జాతిది. దాని వీపుమీద కళ్ళవలె రెండు దీపాలుంటవి. మిణుగురులకూ దీనికీ లూసిఫెరిన్ ఒక్కటే అయినా, వెలిగే విద్యను రెండూ విడివిడిగా సంపాదించుకున్నవని 2018లో జన్యువుల పరిశీలనవల్ల తేలినది. దాని బంధువు ఒకటి బ్రెజిల్‌లోని ఎమాస్ మైదానాలలో చెదపుట్టల గోడలలో కాపురం ఉంటుంది. వానాకాలపు రాత్రి పుట్టనుంచి ఉసిళ్ళు లేచే వేళకు డింభకాలు దీపాలు వెలిగించి వాటిని ఆకర్షించి పట్టి తింటవి. దూరానికి చెదపుట్టలు దీపాలంకరణ చేసిన మేడలవలె ఉంటవట. దక్షిణ అమెరికాలోని ఫ్రిక్సోత్రిక్స్ డింభకానికి ఒంటి పొడవునా పదకొండు జతల పచ్చదీపాలు, తలమీద ఎర్రదీపం ఉంటవి. అందుకే దానిని అక్కడివారు రైలు పురుగు అంటారు.

న్యూజీలాండ్‌లోని వైటోమో గుహలలో కప్పుమీద నక్షత్రాలవలె వెలిగేవి మాత్రం అసలు పెంకు పురుగులే కావు. అవి దోమను పోలిన ఒక చిన్న ఈగ డింభకాలు, పేరు అరక్నోకాంపా. అవి కప్పునుంచి జిగురుబొట్లు కూర్చిన పట్టుదారాలను పదులకొద్దీ వేలాడదీసి, నీలాకుపచ్చని దీపం వెలిగిస్తవి. నీటిమీద పుట్టిన చిన్న పురుగులు పైన ఆకాశమనుకొని ఎగిరి దారాలలో చిక్కుకుంటవి. డింభకం దారాన్ని పైకి లాగి తింటుంది. దీని లూసిఫెరిన్ మిణుగురులదానికి పూర్తిగా వేరు. హెచ్చరిక, పిలుపు, మోసం, గాలం: వెలుగును కీటకాలు ఇన్ని విధాలుగా వాడుకున్నవి. చూసుకొనడానికి వాడినట్లు మాత్రం కనబడదు.

మిణుగురు రసాయనాన్ని మనుషులు కూడా వాడుకున్నారు. ఏ.టి.పి. ఉంటేనే వెలుగు కాబట్టి, వెలుగు కనబడితే అక్కడ జీవకణాలున్నట్లు. పాలలోనో, ఆసుపత్రి బల్లమీదనో సూక్ష్మజీవులు మిగిలినవో లేదో ఈ విధంగా నిమిషాలలో తేల్చవచ్చును. 1985లో లూసిఫెరేజ్ జన్యువును వేరుచేశారు; మరుసటి ఏడు దానిని పొగాకు మొక్కలో చేర్చగా ఆ మొక్క చీకటిలో వెలిగినది. నేడు పరిశోధనశాలలో ఒక జన్యువు ఎప్పుడు పనిచేస్తున్నదో తెలుసుకొనడానికి దానికి లూసిఫెరేజ్‌ను జతచేసి చూడడం నిత్యకృత్యమైనది.

కాని ఆ వెలుగు మొదట పుట్టిన గట్లమీద ఇప్పుడేమి జరుగుతున్నది? మా చిన్నతనంలో చెరువుకట్ట మీద తుమ్మచెట్టు నిండా కనబడినవి ఈనాడు పదిపదిహేను కనబడితే పిల్లలు కేకలు పెడుతున్నారు. పెద్దల జ్ఞాపకం కొలత కాదు, ఒప్పుకుంటాను. అందుచేత శాస్త్రజ్ఞుల మాటకే పోదాము. వివిధ దేశాల మిణుగురు పరిశోధకుల అభిప్రాయాలను సేకరించి 2020లో ప్రకటించిన ఒక సమీక్ష మూడు ప్రమాదాలను ముందు నిలిపినది: నివాసాలు నశించడం, రాత్రివేళ కృత్రిమ దీపాలు, పురుగుమందులు. డింభకం నెలలు, ఏళ్ళ తరబడి తడినేలలో నత్తలనూ వానపాములనూ తిని పెరిగేది. చెరువు పూడినా, నేల విషమైనా మొదట పోయేది అదే. మహారాష్ట్రలో భండార్‌దరా, పురుషవాడి ప్రాంతాలలో జూన్ తొలివానలకు ముందు మిణుగురులను చూడడానికి వేలాదిమంది వస్తున్నారు. చూడాలన్న కోరిక మంచిదే. కాని టార్చీలు, కారు దీపాలు వెలిగించి, గడ్డిలో తిరిగితే వచ్చినపని చెడుతుంది.

దీపాల సంగతి ముందు చెప్పినదానితో కలిపి చూడాలి. మిణుగురుకు చీకటి అంటే వెలుగు లేకపోవడం కాదు, అది పలక. దానిమీదనే అక్షరం కనబడుతుంది. తెల్లని వీధిదీపం కింద మగదానికి ఆడదాని మెరుపు వెలవెలపోతుంది. అది వెతకడమే మానుకోవచ్చును. ఆడదానికి రెక్కలు లేని జాతులలో పరిస్థితి మరీ కష్టం. అది దీపం దగ్గరనుంచి ఎగిరిపోలేదు. తనకున్న కొద్ది రాత్రులలో, చూసేవారు లేని వెలుగును వెలిగిస్తూనే ఉంటుంది.

ఈ విషయం తరగతిలో తేల్చవచ్చును. కావలసినవి సెకన్ల ముల్లుగల గడియారం, ఉష్ణమాపకం, ఎర్రకాగితం కట్టిన టార్చి. ఎర్రవెలుగు వీటికి బాగా కనబడదు. తొలకరి తరువాత వాన లేని సాయంత్రం నలుగురైదుగురు విద్యార్థులు చెరువుకట్టమీద ఒకచోట కదలకుండా కూర్చోవాలి. సూర్యాస్తమయానికి ఎంతసేపటికి మొదటి మెరుపు కనబడినదో రాసుకోవాలి. ఒక పురుగును ఎంచుకొని, రెండు మెరుపుల మధ్య వ్యవధిని పదిసార్లు కొలిచి సగటు కట్టాలి. పక్కన ఆనాటి ఉష్ణోగ్రత వేయాలి. వెచ్చని రాత్రి మెరుపులు త్వరత్వరగా, చల్లని రాత్రి నిదానంగా ఉంటవి. ఎంజైము చర్యల వేగం ఉష్ణోగ్రతతో మారుతుందన్న పాఠానికి ఇది ప్రయోగశాల అక్కరలేని ఉదాహరణ. పది నిమిషాలలో కనబడిన మెరుపుల సంఖ్యను లెక్కించాలి. తరువాత ఊరివైపు వచ్చి, వీధిదీపం వెలుగు పడే గట్టుమీద, అదే గడ్డి, అదే తడి ఉన్నచోట, అదే పద్ధతిలో పది నిమిషాలు లెక్కించాలి. ఒకరోజు అంకె చాలదు. వారానికి రెండుసార్లు చొప్పున, వానలు ముదిరేదాకా రాసి, రెండు చోట్ల లెక్కలనూ ఒకే కాగితంమీద పక్కపక్కన గీయండి. చూడడానికి సీసాలో పట్టిన పురుగులను మాత్రం ఆ రాత్రే, పట్టినచోటనే వదిలిపెట్టాలి. వాటికి ఎక్కువ రాత్రులు లేవు.